వృద్ధుల సేవకు విదేశాలకు వెళ్లే మన పిల్లలు
(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా నరసరావుపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. పెన్షన్ అనేది యజమాని దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన పనికి వచ్చే హక్కని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన రోజు ఇది. ఆ ముక్క పట్టుకునే ఇవాళ నేను నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. కార్యదర్శి గారు నన్ను బి.పి., షుగర్ల గురించి మాట్లాడమన్నారు. అవి ఏటా మాట్లాడేవే కనుక ఈ ఏటికి నన్ను మన్నించాలి.

నేను నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన దానిని. గత మూడు నాలుగేళ్లుగా మన సభ్యులు నన్ను అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ఇదివరకు "మోకాళ్ల నొప్పులకు ఏం వాడమంటారు సిస్టరు గారూ" అనేవారు. ఇప్పుడు "మా మనవరాలు జి.ఎన్.ఎం. పూర్తి చేసింది. జపాన్ పంపిస్తామని ఒకాయన వచ్చాడు. ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగమట, పంపమంటారా?" అంటున్నారు. కాసేపాగి, గొంతు తగ్గించి, "ఏడు లక్షలు అడుగుతున్నాడు" అంటున్నారు. ఆ ఏడు లక్షలూ ఎవరివి? పిల్ల దగ్గర ఉండవు. దాని తల్లిదండ్రుల దగ్గరా ఉండవు. మన గ్రాట్యుటీ, మన కమ్యుటేషన్, బ్యాంకులో వేసుకున్న డిపాజిట్టు, అవే ఆ లక్షలు. సంతకం పెట్టి డబ్బు తీసేది మనమే కనుక, అడగవలసినవి అడిగే అధికారం కూడా మనకే ఉంది.

ముందు, వాళ్లకు మన పిల్లలు ఎందుకు కావలసి వచ్చారో చూద్దాం. జపాన్‌లో ప్రతి వంద మందిలో 29 మంది 65 ఏళ్లు దాటినవారు. ఆ దేశం వారు 2000 సంవత్సరంలో దీర్ఘకాలిక సంరక్షణ బీమా అని ఒకటి పెట్టారు. 40 ఏళ్లు నిండిన దగ్గర నుంచి చందా కట్టాలి. 65 దాటాక మనిషి తన పని తాను చేసుకోలేని స్థితికి వస్తే, మునిసిపాలిటీ నుంచి మనిషి వచ్చి చూస్తాడు. లేవగలరా, స్నానం చేసుకోగలరా, మతిమరుపు ఎంత ఉంది అని విచారించి, ఏడు అంచెల్లో ఏదో ఒక దానిలో వేస్తారు. ఆ అంచెను బట్టి సాయం. అయిన ఖర్చులో మామూలు ఆదాయం ఉన్నవారు పదో వంతు కట్టుకుంటే చాలు. జర్మనీ వారు ఇలాంటి బీమానే 1995లో మొదలుపెట్టారు. మన ఇ.హెచ్.ఎస్. కార్డు ఉంది, ఆసుపత్రిలో చేరితే పనికి వస్తుంది, సంతోషమే. కానీ ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక మనల్ని లేపి కూర్చోబెట్టే మనిషి జీతం ఆ కార్డు మీద రాదు. ఆ తేడా గమనించండి.

అంటే అక్కడ డబ్బుకు ఏర్పాటు ఉంది, చేసే మనుషులే చాలరు. 2040 నాటికి 27 లక్షల 20 వేల మంది సంరక్షకులు కావాలని, అంటే 2022లో ఉన్నవారికి 5 లక్షల 70 వేల మందిని అదనంగా చేర్చుకోవాలని ఆ దేశ ఆరోగ్య శాఖ 2024లో లెక్క కట్టింది. 2025 ఆగస్టులో మన ప్రభుత్వం, జపాన్ ప్రభుత్వం కూడబలుక్కుని, అయిదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగాలని, వారిలో 50 వేల మంది పని నేర్చిన భారతీయులు జపాన్ వెళ్లాలని అనుకున్నారు. కనుక మన ఊరికి వచ్చిన ఆసామీ చెప్పేదంతా కల్ల కాదు. ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. మోసం చేసేవాడు ఎప్పుడూ నిజంగా ఉన్న ఉద్యోగాన్ని చూపించే మోసం చేస్తాడు.

ఇక పని సంగతి. జపాన్ వారు దీనిని కైగో అంటారు. ఇది నర్సు పని కాదు. ఇంజెక్షన్లు, సెలైన్లు ఈ అమ్మాయి చేతికి ఇవ్వరు. లేపడం, కూర్చోబెట్టడం, చక్రాల కుర్చీలోకి మార్చడం, తినిపించడం, స్నానం, దొడ్డికి తీసుకువెళ్లడం, డైపరు మార్చడం, రాత్రిళ్లు కనిపెట్టుకుని ఉండడం. "అంత చదివి మలమూత్రాలు ఎత్తడానికా పంపేది?" అని మొన్న ఒక పెద్దాయన నా మీద కోప్పడ్డారు. ఆయన ఇంటి సంగతి నాకు తెలుసు కనుక ఊరుకున్నాను. రెండేళ్లుగా ఆయన తల్లిగారికి ఆ పని చేస్తున్నది ఆయన కోడలు. ఆమె ఎం.ఏ. చదివింది.

ఇది ఎవరైనా చేసే పని అనుకుంటారు. కాదండీ. పక్షవాతం వచ్చిన మనిషికి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. తల కాస్త ముందుకు వంచి, చెంచాతో కొద్దికొద్దిగా, మింగాడని చూసుకుని మరో చెంచా పెట్టాలి. మన ఇళ్లలో పడుకోబెట్టే గ్లాసెత్తి పోస్తారు. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. జబ్బపట్టుకుని ఈడిస్తే వృద్ధుల చర్మం కాగితంలా చిరుగుతుంది. మనిషిని మంచం మీద నుంచి లేపేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి, లేకపోతే ఆరు నెలల్లో చేసేవారి నడుము పోతుంది. జపాన్ శిక్షణలో నాకు నచ్చినది ఇంకొకటి ఉంది. ముట్టుకునే ముందు చెప్పాలి. "ఇప్పుడు కుడి చెయ్యి పట్టుకుంటాను, సరేనా" అని అడిగి, వారు తలూపాక పట్టుకోవాలి. తాను చేసుకోగల పనిని వారిచేతనే చేయించాలి. గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా ఆగాలి. నా సర్వీసులో మేం ఇంత ఓపిగ్గా చేయలేదు. వార్డులో అరవై మంది, సిస్టర్లు ఇద్దరు ఉంటే ఎలా చేస్తాం?

నా దగ్గర చదువుకున్న ఒకామె కూతురు దాచేపల్లి దగ్గరి పల్లె నుంచి వెళ్లి అక్కడ వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తోంది. ఫోన్లో అంటుంది: "అమ్మమ్మా, ఎవరు ఎంత తిన్నారో పదింట ఎన్ని వంతులో రాయాలి. అన్నం ఎనిమిది వంతులు, కూర అయిదు వంతులు అని. రాయకపోతే తర్వాత డ్యూటీ వాళ్లు ఒప్పుకోరు." రాత్రి డ్యూటీ పదహారు గంటలట. మొదటి మూడు నెలలూ రోజూ ఏడ్చిందట. పని ఎక్కువని కాదు, వాళ్లు చెప్పేది సగం అర్థంకాక.

అసలు విషయం ఇదీ. ఈ ఉద్యోగానికి పెట్టుబడి డబ్బు కాదు, భాష.

జపాన్ భాషలో మూడు రకాల లిపులు. మొదటి రెండూ నెలలో వచ్చేస్తాయి. మూడోది చైనా నుంచి వచ్చిన బొమ్మల అక్షరాలు, దానితోనే తంటా. కానీ మన వాళ్లకు ఒక సౌకర్యం ఉంది, చాలామంది ఎరగరు. వాక్యం మన తెలుగు నడకే. "వతాషి వ మిజు ఓ నొమిమసు" అంటే నేను నీళ్లు తాగుతాను. వతాషి నేను, మిజు నీళ్లు, నొమిమసు తాగుతాను. క్రియ చివరికే వస్తుంది. విభక్తి మాట వెనకే వస్తుంది. పెద్దవారికి గౌరవంగా ఒక రీతి, చిన్నవారితో మరో రీతి అక్కడా ఉన్నాయి. ఇంగ్లీషు మీడియంలో తడబడే పిల్లలు దీనిని చక్కగా పట్టుకోవడం నేను చూశాను.

అయితే భాష రాకుండా చదువు ఎందుకూ కొరగాదు. 2008లో ఇండొనేసియా నుంచి, ఆ తరువాత ఫిలిప్పీన్స్ నుంచి ప్రభుత్వ ఒప్పందం మీద జపాన్ వారు నర్సులను, సంరక్షకులను తీసుకున్నారు. వారి దేశంలో వారు పూర్తి చదువు చదివిన నర్సులే. 2009లో జపాన్ నర్సుల జాతీయ పరీక్షకు 82 మంది కూర్చుంటే ఒక్కరూ పాసు కాలేదు. 2010లో 254 మంది రాస్తే ముగ్గురు పాసయ్యారు. పడక పుండుకు, పొలమారడానికి వాళ్లు వాడే అక్షరాలే చదవలేకపోయారు పాపం. తరువాత కష్టమైన అక్షరాల పక్కన ఉచ్చారణ ముద్రించి, సమయం పెంచారు.

ఈ మాట అంటుంటే మన పల్నాడు సంగతే గుర్తుకు వస్తోంది. అమెరికా నుంచి 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హేయర్ అనే లూథరన్ మిషనరీ మధ్యలో తన దేశం వెళ్లి, యాభై ఏళ్లు దాటిన వయస్సులో బాల్టిమోరులో వైద్యం చదివి 1847లో పట్టా పుచ్చుకుని తిరిగి వచ్చారు. వచ్చి మకాం పెట్టింది గురజాలలో. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు తెలుగు నేర్చుకుని ఆడవాళ్ల మధ్య పని మొదలుపెట్టారు. ఆవిడ ఆసుపత్రి తెరిచింది 1898లో. మనకు సేవ చేయడానికి పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు అంత శ్రమపడి నేర్చుకుని వచ్చారు. మన పిల్లలకు మాత్రం మూడు నెలల కోర్సు చాలంటే ఎలా?

దారులు రెండున్నాయి. ఒకటి ట్రెయినీగా వెళ్లడం. 2017లో అందులో సంరక్షణ పనిని చేర్చారు. దానిని తీసేసి 2027 ఏప్రిల్ నుంచి వేరే విధానం తేవడానికి 2024లో చట్టం చేశారు కనుక, ఆ దారిన పంపుతామనేవారిని తేదీలు గట్టిగా అడగండి. రెండోది 2019లో మొదలైన నైపుణ్య కార్మికుల వీసా. దీనిపై మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం అయింది. దీనికి మామూలు జపాన్ భాషలో ఒక పరీక్ష, సంరక్షణ పనికి సంబంధించిన భాషలో ఒకటి, పనిలో మరొకటి, మొత్తం మూడు పాసు కావాలి. జపాన్ వారికి ఇచ్చే జీతమే ఇవ్వాలని నిబంధన. మొత్తం మీద అయిదేళ్లు ఉండవచ్చు. భర్తను, పిల్లలను తీసుకువెళ్లడానికి వీల్లేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లవారు ఇది ముందే ఆలోచించుకోవాలి. మూడేళ్లు పని చేశాక వారి జాతీయ పరీక్ష రాయవచ్చు. అది పాసయితే ఎన్నాళ్లయినా ఉండవచ్చు, కుటుంబాన్నీ పిలిపించుకోవచ్చు.

జీతం ఎంత అని అడిగేటప్పుడు బేసిక్ కాదు, కటింగులు పోను చేతికెంత అని అడగండి. ఆ లెక్క మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంటి అద్దె, ఆరోగ్య బీమా, పెన్షన్ చందా పోతాయి. మన సభలో చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా పెన్షన్ చందా కట్టి, దేశం విడిచి వచ్చేవారు ఆ చందాలో కొంత ఒకేసారి తిరిగి తీసుకోవచ్చు. రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టాలి. మనవరాలు తిరిగి వచ్చినప్పుడు ఆ కాగితం సంగతి మీరే గుర్తు చేయండి.

ఇంగ్లండ్ సంగతి మనకు చేదు పాఠం. 2022 ఫిబ్రవరిలో సంరక్షకులకు వీసాలు తెరిచారు. 2024 మార్చిలో కుటుంబాన్ని తీసుకురాకూడదన్నారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా సంరక్షకులను తీసుకోవడమే ఆపేశారు. ఈ మధ్యకాలంలో లేని పనికి కూడా వీసా కాగితాలు అమ్మినవాళ్లున్నారు. 2022 జులై, 2024 డిసెంబరు మధ్య 470కి పైగా సంస్థల లైసెన్సులు రద్దు చేశారు. వాటి కింద వెళ్లినవారు 39 వేల మందికి పైనే. మన సభ్యుల్లోనే ఒకరు, పేరు చెప్పను, ఇంటి స్థలం అమ్మి కొడుకును, కోడలిని పంపారు. అక్కడికి వెళితే వారానికి ఎనిమిది గంటల పని చూపించారు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. ఇవాళ ఎవరైనా సంరక్షకుల వీసా మీద ఇంగ్లండ్ పంపుతామంటే, మంచినీళ్లిచ్చి పంపేయండి.

ఇజ్రాయెల్‌లో మన తెలుగువారు చాలాకాలంగా ఈ పని చేస్తున్నారు. 2023 అక్టోబరులో యుద్ధం వచ్చినప్పుడు అక్కడున్న భారతీయులు సుమారు 18 వేల మంది, వారిలో ఎక్కువమంది వృద్ధులను చూసుకునేవారే. ఆ ఏడాది నవంబరులో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం జరిగింది. జీతం బాగుంటుంది. కానీ ఆ ఇంట్లోనే ఉండి, ఆ ఒక్క మనిషితోనే రాత్రింబవళ్లు. 2021 మేలో అష్కెలాన్‌లో రాకెట్ పడి చనిపోయిన కేరళ అమ్మాయి కూడా ఒక ముసలమ్మను చూసుకుంటూ ఉన్నదే. వెళ్లవద్దనను. తెలిసి వెళ్లాలంటాను.

ఇక డబ్బు. మన పల్నాడులో మిరప కోతలకు కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. కోతకు మనుషులు కావలసినవాడు రైతు. మేస్త్రీకి కమీషన్ ఇచ్చేది రైతు. దారి ఖర్చులూ రైతువే. కూలి మనిషి మెడలోని తాళి తాకట్టు పెట్టించి "నీకు మిరప తోట చూపిస్తాను" అనే మేస్త్రీని మనం ఊళ్లోకి రానిస్తామా? జపాన్‌కు మనుషులు కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పని వెతికి పెట్టినందుకు పనివారి నుంచి రుసుము తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఒడంబడిక చేసింది. మన దేశ నిబంధనలు అంతదూరం పోలేదు. 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరయిన ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. తీసుకోవచ్చు. అంతకు మించి సర్వీసు చార్జీ అని ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. భాష నేర్పినందుకు ఫీజు వేరే ఉండవచ్చు. ఉంటే ఎన్ని నెలలు, ఎవరు చెబుతారు, పరీక్ష తప్పితే ఎంత తిరిగి ఇస్తారు అని రాయించుకోవాలి. ఏడు లక్షలు దేనికో ఆ పెద్దమనిషిని కాగితం మీద విడివిడిగా వేసి ఇమ్మనండి. ఇవ్వడు. ఇవ్వలేదంటే మీకు సమాధానం దొరికినట్లే.

ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. మనకు కంప్యూటరు రాకపోతే మనవడికి వస్తుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్లే నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2015లో ఉత్తర్వు ఇచ్చారు. తరువాత మన రాష్ట్రంలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఆ జాబితాలో చేరాయి. జపాన్ ఆ 18లో లేదు, ప్రైవేటు ఏజెంట్లూ పంపవచ్చు. అయినా ముందు ప్రభుత్వ సంస్థల్లో విచారించి, తరువాతే బయటకు వెళ్లండి. పరీక్షలు పాసుకాక ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టకండి. పరీక్షలు పాసైన అమ్మాయికి బేరమాడే శక్తి వస్తుంది. పాసు కాకముందు డబ్బు కట్టిన అమ్మాయికి అది పోతుంది.

చివరిగా మన సంగతి. 2021 అంచనా ప్రకారం మన రాష్ట్రంలో వంద మందిలో 12 మందికి పైగా అరవై దాటినవారు. ఒక్కొక్క స్త్రీకి సగటున పిల్లలు ఇద్దరు కూడా లేరు, 1.7 అని ఆరోగ్య సర్వే చెప్పింది. ఉన్న ఆ ఒకరిద్దరూ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. పని నేర్చిన అమ్మాయిలు జపాన్ వెళ్లిపోతే మనల్ని ఎవరు చూస్తారని ఒక అక్కయ్యగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్లు ఎందుకు వెళుతున్నారు? ఇదే నరసరావుపేటలో, ఇదే పనికి, మనం ఆయమ్మకు ఏమిస్తున్నాం? వారానికొక సెలవు ఇస్తున్నామా? డెబ్బై దాటాక వచ్చే అదనపు పెన్షన్ కోసం మనం ఎన్ని మెమోరాండాలు ఇచ్చామో నాకు తెలుసు, నేనూ సంతకం పెట్టాను. ఇంట్లో ఆయమ్మ అయిదు వందలు పెంచమంటే మాత్రం "ఇంతకంటే ఎక్కడ ఇస్తారు" అంటాం. ఇచ్చేచోటు ఉందని ఇప్పుడు వాళ్లకు తెలిసింది.

అయిదేళ్లు జపాన్‌లో చేసి తిరిగి వచ్చే పిల్లలు కొందరైనా ఉంటారు. వాళ్ల చేత ఇక్కడ నేర్పించుకునే ఏర్పాటు మన సంఘం చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. అందాకా నాకు వచ్చినది నేను చెబుతాను. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పది గంటలకు మన సంఘ భవనంలో ఒక మంచం, రెండు దుప్పట్లు, ఒక చక్రాల కుర్చీ ఉంటే చాలు. మనిషిని ఒత్తిగిలించడం, లేపి కూర్చోబెట్టడం, పొలమారకుండా తినిపించడం, ఈ మూడూ చేసి చూపిస్తాను. విదేశాలకు పిల్లలను పంపాలనుకునేవారు ఏజెంట్లు ఇచ్చిన కాగితాలు పట్టుకురండి, కలిసి చదువుదాం. మీ ఇంట్లో పెద్దవారిని చూసుకుంటున్నది కోడలైతే కోడలిని, ఆయమ్మ అయితే ఆయమ్మను వెంట తీసుకురండి. ఆయమ్మకు ఆ పూట జీతం కోయకండి.